పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ స్కూలు మాస్టారి కుడికాలు ఆయన మాట వినడం మానేసి చాలా ఏళ్లయింది. బుర్ర చెప్పేదాకా ఆగే ఓపిక దానికి లేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఎవరైనా పొయ్యి ఆపుతారు, ఆయన కాలు నేలను తొక్కుతుంది. బల్ల అంచు నుంచి గ్లాసు జారుతుంటే ఎవరైనా చేత్తో పట్టుకుంటారు, ఆయన కాలు నేలను తొక్కుతుంది. గ్లాసు ఒక్కసారి కూడా ఆగలేదు, ఆ కాలికి ఒక్కసారి కూడా బుద్ధి రాలేదు. సినిమాహాల్లో తెర మీద లారీ మలుపు తిరిగితే చాలు, ముందు సీట్లో ఉన్నవాళ్ల వీపుకి తన్ను తగిలేది. వాళ్లకు సర్దిచెప్పి సర్దిచెప్పి విసుగెత్తిన మాస్టారి భార్య చివరికి ఆయన్ని మొదటి వరుసలో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది.

అయినా ఆ కాలిని అనడానికి లేదు. ఇరవై ఏళ్ల పైచిలుకుగా దాని ఉద్యోగమే అది. స్కూలు కారులో స్టీరింగు ముందు నేర్చుకునేవాళ్లు కూర్చుంటారు, పక్క సీట్లో మాస్టారు కూర్చుంటాడు. ఆ పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాడు గోడ మీదికి పోతుంటే మాస్టారు తన వైపు బ్రేకు తొక్కి ఆపుతాడు. ఇంతవరకూ ఏ స్కూల్లోనైనా ఉండేదే. మన మాస్టారి గొప్ప ఏమిటంటే, తొక్కింది తానని ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు. పైన కిటికీలోంచి బోర్డులు చదువుకుంటున్నట్టు మొహం పెట్టి, కింద మెత్తగా, నిద్రపోతున్న పసిపిల్లని దాటుకెళ్లినంత మెత్తగా తొక్కేవాడు. కారు ఆగేది. "శభాష్, బాగా తొక్కావు" అనేవాడు. నేర్చుకునేవాడు తన కాలి వంక తానే గౌరవంగా చూసుకునేవాడు.

"ముందు మనిషికి భయం పోవాలి. భయం పోతే పని దానంతటదే వస్తుంది" అని ఆయన సిద్ధాంతం. భయం పోయిన మాట నిజమే. పని ఎంతవరకు వచ్చిందో ఆ ఊళ్లో గేటు స్తంభాలను అడగాలి. లైసెన్సు పరీక్షప్పుడు కూడా అధికారి వెనక సీట్లో కూర్చునేవాడు, పక్క సీట్లో మాస్టారే. ఇంకేం, అందరూ పాసే. ఆ ఒక్క కాలు ఎంతమందికి లైసెన్సు ఇప్పించిందో దేవుడికే తెలియాలి.

ఆయన శిష్యులందరిలోకీ మొదటి శిష్యురాలు ఆయన భార్యే. ఆవిడ పరదాలు కుడుతుంది. ఇళ్లకూ ఆఫీసులకూ వెళ్లి కిటికీలు కొలుచుకొచ్చి, ముందు గదిలో మిషను మీద కుట్టి, మళ్లీ వెళ్లి తగిలించి వస్తుంది. టేపు మెడలో లేకుండా ఆవిడని చూసినవాళ్లు తక్కువ. స్కూలుకి సెలవున్న రోజున గుడ్డ తానులు తేవడానికి ఇద్దరూ స్కూలు కారులోనే వెళ్లేవాళ్లు. స్టీరింగు ఆవిడది. పక్క సీటు మాస్టారిది.

ఆవిడ నేర్చుకున్న తొలి రోజున కారు ఒక గోడ మీదికి పోయి, జానెడు దూరంలో ఆగింది. ఆపింది ఎవరో చెప్పనక్కర్లేదు. ఆవిడ ఒక్క క్షణం గోడ వంక చూసి, భర్త వైపు తిరిగి, పగలబడి నవ్వింది. పెళ్లయ్యాక అంత పెద్ద నవ్వు ఆయన అప్పుడే చూశాడు. ఆ నవ్వు కోసం జీవితాంతం తొక్కమన్నా తొక్కేవాడు. తొక్కాడు కూడా. "నా చేతిలో ఈ బండికి ఇంతవరకూ గీత పడలేదు" అని ఆవిడ పరదాల ఖాతాదార్లందరికీ చెప్పుకునేది. మాస్టారు పక్కనుండి తలూపేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు ఛాతీ పొంగేది, కుడికాలు మాత్రం ఎడమకాలి వెనక్కి దాక్కునేది.

ఇలా చల్లగా సాగిపోతుండగా కొత్త కారు వచ్చిపడింది.

తెచ్చింది బావమరిది. స్కూలు అతనిదే. మనిషి మంచివాడే కానీ అచ్చులో ఉన్న అంకె దేన్నైనా అక్షరం పొల్లుపోకుండా నమ్మేస్తాడు. కంపెనీవాళ్లిచ్చిన రంగుల పుస్తకం చంకలో పెట్టుకుని అక్కాబావల ఇంటికి వచ్చి, భోజనాల బల్ల మీద పరిచాడు.

"చూడు బావా, పాతదాని ఇంజను ఎనిమిది వందల సీసీ, దీనిది పన్నెండు వందలు. దానికి గేర్లు నాలుగు, దీనికి అయిదు. స్టీరింగు చిటికెన వేలితో తిప్పచ్చు. పాతది తిప్పితే భుజాలు పడిపోయేవి కదా. గుద్దుకుంటే ఉబ్బే గాలి సంచులున్నాయి. వెనక్కి పోతుంటే తెర మీద బొమ్మ కనిపిస్తుంది. ముందు ఏదైనా అడ్డొస్తే దానంతటదే ఆగుతుంది. అందుకే పక్క సీటుకి బ్రేకు పెట్టించలేదు. ఇక నీ కాలికి రిటైర్మెంటే."

పాత కారంటే మాస్టారికి ప్రాణమని అందరికీ తెలుసు. చలికి మొరాయించే దాని ఇంజనునీ, ఒక పెట్టు పెడితే కానీ మూతపడని దాని తలుపునీ ఆయన ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు ఏమంటాడోనని అక్కాతమ్ముళ్లు ఆయన మొహం వంకే చూశారు. ఆయన కొంచెం దిగులుగానే, "కాలం మారింది, మనమూ మారాలి కదా" అన్నాడు. అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది.

"పాతది అమ్మకానికి పెడితే ఇనుప సామాన్లవాడు కూడా మొహం చిట్లిస్తాడు" అన్నాడు బావమరిది. "అందుకని అక్కకి ఇచ్చేస్తున్నా. పరదాలు వేసుకుని రోజూ హాయిగా తిరుగుతుంది."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "నాకా? నేనొక్కదాన్నే నడుపుకోవడానికా?"

"ఒక్కదానివే. బావ స్కూల్లో ఉంటాడు కదా. పక్క సీటు పెడల్సు పీకించేద్దాం, నీకవి ఎందుకు? ఆ చోట తానులు పెట్టుకోవచ్చు."

బల్ల కింద మాస్టారి కాలు నేలను అదిమి తొక్కింది. ఇరవై ఏళ్లుగా బ్రేకు తొక్కి ఎరగని మనిషి రేపు లారీల మధ్యకి, బస్సుల మధ్యకి, పక్కన ఎవరూ లేకుండా పోతుంది. వద్దందామంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఆ గీత పడని గొప్ప అంతా ఒక్క మాటతో కూలిపోతుంది. కక్కలేక మింగలేక ఆయన పచ్చడి లేని అన్నం అలాగే తినేశాడు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఓ వింత మొదలైంది. పాత కారుని కన్నబిడ్డలా చూసుకున్న మనిషి, ఉన్నట్టుండి దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టడం మొదలుపెట్టాడు.

"ఆ డొక్కుదాన్ని నమ్ముకోకు. పెట్రోలు నీళ్లలా తాగుతుంది. ఎత్తు ఎక్కాలంటే ఆయాసం. కొత్తదాన్ని చూడు, దిక్కు తోచకపోతే దారి కూడా అదే చెబుతుంది. అంతగా కావాలంటే నువ్వు బస్సులో వెళ్లు, తానులు నేను తెచ్చిపెడతా" అన్నాడు.

ఆవిడ మిషను ఆపింది. "ఏవండీ, మీకు ఒంట్లో బాగానే ఉందా? మొన్నటిదాకా ఆ బండిని ఆకాశానికెత్తింది మీరే కదా. ఇంజను సంగతి నాకు తెలీదు కానీ దాని బ్రేకులకు పేరు పెట్టడానికి లేదు. ఆగాలని నేను అనుకుంటే చాలు, ఆగిపోతుంది. మా తమ్ముడి పుస్తకంలో అలాంటిది రాసుందా?"

ఆ మాట తమ్ముడి చెవిన కూడా పడింది. అతనికి అక్క మీద ఎంత ప్రేమో పుస్తకం మీద అంతకు మించిన ప్రేమ. కొత్త కారు బ్రేకుల్ని పాతదానితో పోల్చి తక్కువ చేయడం అతనికి తలకొట్టేసినట్టయింది. "అయితే పందెం వేసుకుందాం. స్కూలు మైదానంలో సున్నంతో గీత గీస్తా. రెండు కార్లూ నువ్వే నడుపు అక్కా. గీత దగ్గర ఆపు. ఏది ఎక్కడ ఆగుతుందో టేపు పెట్టి కొలుద్దాం" అన్నాడు.

ఆ మాటతో మాస్టారి ప్రాణం లేచొచ్చింది. పాతది ఓడిపోతే ఆవిడ మనసు దాని మీంచి పోతుంది. తప్పు బండిది అవుతుంది, ఆవిడది కాదు. తాను చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఊరుకోవడం. అంతకంటే సుళువైన పని ఉంటుందా?

స్కూలు వెనక మైదానంలో ముగ్గురూ చేరారు. గీతకి అవతల కొంత దూరంలో పాత టైర్లు గుట్టగా పేర్చి ఉన్నాయి. ముందు కొత్త కారు వంతు. ఆవిడ స్టీరింగు ముందు, అలవాటుగా మాస్టారు పక్కన. కారు చప్పుడు లేకుండా సాగింది. గీత దగ్గరపడింది. మాస్టారి కాలు ఠక్కున లేచి తివాచీని తొక్కింది. తివాచీ కింద ఏముంటుంది? కారు గీత దాటిపోయింది. ఆవిడ కంగారుపడి అప్పుడు తొక్కితే, టైర్ల గుట్టకి కాస్త ఇవతల గజగజ వణికి ఆగింది.

ఆవిడ భర్త వైపు తిరిగి, "ఇదేంటండీ, ఆగలేదేం?" అని అడిగింది.

"కొత్తది కదా" అన్నాడు మాస్టారు, చెమట తుడుచుకుంటూ.

బావమరిది పరుగున వచ్చాడు. అక్క మెడలో టేపు లాక్కుని కొలిచాడు. పుస్తకం తీసి చూశాడు. మళ్లీ కొలిచాడు. "సున్నపు గీతని అది అడ్డం కింద లెక్కపెట్టదు, అందుకే దానంతటది ఆగలేదు. అయినా ఇంత దూరం పోవడానికి వీల్లేదే" అని గొణుక్కున్నాడు.

ఇప్పుడు పాతది. కొత్తదే ఇంత దూరం పోతే, ఇది ఓడిపోవాలంటే ఇంకెంత దూరం పోవాలి! మాస్టారు తన కాలి సంగతి తనకు తెలుసు కాబట్టి ముందు జాగ్రత్త పడ్డాడు. సీటు ఎక్కి కుడికాలు మడిచి తొడ కింద పెట్టుకుని, దాని మీద తన బరువంతా వేసి కూర్చున్నాడు.

"అలా కూర్చున్నారేంటి, పూజకి కూర్చున్నట్టు?" అంది ఆవిడ.

"తిమ్మిరెక్కింది. నువ్వు పోనీ."

కారు గడగడలాడుతూ బయల్దేరింది. గీత కనిపిస్తోంది. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఆగకూడదు, ఆగకూడదు అనుకున్నాడు. అంతలో టైర్ల గుట్ట గుర్తొచ్చింది. దాని వెనక ఇటుక గోడ గుర్తొచ్చింది. పక్కనున్నది ఎవరో గుర్తొచ్చింది. తొడ కింద కాలు ఎలా ఊడొచ్చిందో, చెప్పు ఎక్కడ ఎగిరిపడిందో ఆయనకు ఈనాటికీ తెలియదు. కారు సరిగ్గా గీత మీద, ముందు చక్రాల కింద సున్నం నలిగేలా ఆగింది.

బావమరిదికి టేపు పరిచే పని కూడా లేకపోయింది. "ఈ పుస్తకం అచ్చేసినవాడిని పట్టుకుని అడగాలి" అని మాత్రం అన్నాడు. ఆవిడ దిగి, కారు ముందు భాగాన్ని చేత్తో నిమిరి, "చెప్పానా?" అంది. మాస్టారు కూర్చున్నచోటే చెప్పు కోసం వెతుక్కుంటూ, తాను కావాలని చేసింది కాదు, చేసిందంతా నువ్వేనని తన కాలిని తిట్టుకున్నాడు. పాత కారు ఆవిడకి ఖాయమైపోయింది.

రెండు రోజుల తరవాత మెకానిక్ షెడ్డులో పాత కారు మీంచి స్కూలు బోర్డు ఊడదీశారు. బావమరిది స్కూల్లో ఉన్నాడు. మాస్టారూ ఆవిడా బల్ల మీద కూర్చుని చూస్తున్నారు. మెకానిక్ పక్క సీటు కిందికి తల దూర్చి, పెడల్సు రెండూ విప్పి బయటికి తీశాడు. బ్రేకు పెడల్‌ని వెలుగులో తిప్పి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మాస్టారూ, ఇది చూశారా? రబ్బరు మొత్తం అరిగిపోయి ఇనుము తేలింది. అటు డ్రైవరు వైపుదేమో నిన్న షాపులోంచి తెచ్చినట్టుంది. ఇన్నాళ్లూ బండి ఆపింది మీరేనన్నమాట. మరి వాళ్లంతా ఏం చేసేవాళ్లు, హారన్ కొట్టేవాళ్లా?"

ఆవిడ లేచి వచ్చింది. పెడల్ చేతిలోకి తీసుకుంది. అరిగిన చోట, మాస్టారి పాదం అచ్చు పడినట్టున్న చోట, బొటనవేలితో ఒకసారి రాసి చూసింది. పెడల్ ఆయన చేతిలో పెట్టి, వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది.

మాస్టారు ఒక్క అంగలో పక్క తలుపు దగ్గరికి చేరాడు. అక్కడ సీటు మీద గుడ్డ తాను అడ్డంగా ఉంది.

"ఆ సీటు ఇక దానిది" అంది ఆవిడ. "మీరిక్కడే ఉండండి. ఒక చుట్టు తిరిగొస్తా."

"ఏమోయ్, నా మాట విను. ఈ పూటకి..."

బండి కదిలిపోయింది. మాస్టారు పెడల్ చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. మెకానిక్ వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. రోడ్డు చివర సందులోంచి నీళ్ల ట్యాంకరు ముక్కు బయటపెట్టింది. ఆయన కాలు తన పని తాను చేసింది. ఒంటికాలి మీద నిలబడి, మట్టిరోడ్డు గుంట పడేలా తొక్కాడు.

పాత కారు వెనక రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. ఆత్రం లేకుండా, ముందుగానే వెలిగాయి. కారు నెమ్మదించి, ట్యాంకరు తిరిగేదాకా నిలబడింది. దీపాలు ఆరిపోయాయి. కారు మలుపు తిరిగింది.

మాస్టారు అక్కడే నిలబడిపోయాడు. ఆ కారు వెనక దీపాలు వెలగడం ఆయన ఎప్పుడూ చూడలేదు. చూడాలంటే బయట ఉండాలి కదా. ఇన్నేళ్లూ ఆయన లోపలే ఉన్నాడు.

కాసేపటికి ఆవిడ ఒక చుట్టు తిరిగొచ్చి, ఆయన ముందు, గుంటలో ఉన్న ఆయన కాలికి బెత్తెడు దూరంలో ఆపింది. అద్దం దించడానికి చేత్తో తిప్పుతూ, "దాన్ని పట్టుకుని పరుగెత్తారేంటి? అక్కడి నుంచి తొక్కుదామనా?" అంది.

"నీకు... బ్రేకు తొక్కడం వచ్చా?"

"రాకపోవడమేంటి? నేర్పింది మీరేగా."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు తొక్కలేదు?"

"మీరు తొక్కుతున్నారుగా. మీరు అటు తొక్కితే ఇటు నా కాలి కింద పెడల్ దిగిపోతుంది, తెలియదా ఏంటి? స్టీరింగు నాది, బ్రేకు మీది అనుకున్నా. అందుకేగా రెండు చోట్ల పెట్టారు." ఆవిడ గొంతు కొంచెం తగ్గించింది, మెకానిక్ వింటున్నాడని. "మన ఇంట్లో ఇన్నేళ్లలో నాతో పాటు మీరు పంచుకున్న పని అదొక్కటే. నోరెత్తితే అది కూడా మానేస్తారేమోనని ఊరుకున్నా. మైదానంలో కొత్త కారు ఆగకపోయేసరికి, దానికి మీ వైపు బ్రేకు లేదన్న సంగతే మరిచిపోయి, అప్పుడే మానేశారనుకున్నా."

మాస్టారు పెడల్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "మరి నేను బాగా తొక్కావు, శభాష్ అంటుంటే?"

"మిమ్మల్ని మీరే మెచ్చుకుంటున్నారనుకున్నా. అలవాటేగా మీకు."

మాస్టారికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేలక రెండూ ఒకేసారి వచ్చాయి. రోడ్డు మధ్యలో పెడల్ గుండెలకు పట్టుకుని నిలబడి, "నాకు ప్రాణం పోయిందే. నీకేమైనా అవుతుందని పోయింది" అన్నాడు.

"తెలుసు" అంది ఆవిడ. "ఎక్కండి. వెనక సీట్లో."

మెకానిక్ దగ్గరికొచ్చి, ఆ పెడల్సుని కొత్త కారుకి బిగించమంటారా అని అడిగాడు. బావమరిదికి నచ్చజెప్పే పూచీ తనదేనని మాస్టారు బిగించమన్నాడు. కానీ రబ్బరు కొత్తది వేయమన్నాడు. ఇప్పుడు స్కూల్లో నేర్చుకునేవాళ్లకి ఆయన నోటితో "బ్రేకు" అని ముందే చెబుతున్నాడు. వాళ్లు తొక్కేదాకా తన కాలిని ఆపుకోవడానికి ఆయన పడే అవస్థ చూసి, మాస్టారికి కీళ్లనొప్పులని వాళ్లు జాలిపడుతున్నారు.

ఇక పాత కారు బ్రేకు పోయింది కాబట్టి, పంచుకునే పని ఇంకొకటి చూసుకోక తప్పింది కాదు. ఆ సాయంత్రమే వంటింట్లో గిన్నెలు కడగడానికి నిలబడ్డాడు. ముందు గదిలో మిషను చప్పుడు. సబ్బు నురగలోంచి గాజు గ్లాసు ఒకటి జారింది. మాస్టారు కుడికాలితో నేలను గట్టిగా తొక్కాడు. గ్లాసు భళ్లుమంది.

మిషను ఆగింది. "తొక్కడం కాదండీ, పట్టుకోవాలి" అంది ఆవిడ ముందు గదిలోంచి. మిషను మళ్లీ మొదలైంది.